రెండు స్ట్రోకుల ఇంజను – ద్వారములు దిద్దిన కథ

సికింద్రాబాదు నుండి ఫలక్‌నుమా వైపు సాగు స్థానిక రైలుకు మొదట తగులు స్టేషను సీతాఫల్‌మండి. ఈ పేటకు ఒక వంక లాలాగూడ రైల్వే కార్ఖానాయు, మరియొక వంక ఉస్మానియా విశ్వవిద్యాలయమును కలవు. కార్ఖానాను నిజాము రైల్వే సంస్థ 1893 లో నెలకొల్పెను. విశ్వవిద్యాలయము 1918 లో ఏర్పడెను. ఒకచోట ఆకురాయి పట్టిన చేయి, వేరొకచోట లెక్క కట్టు చేయి. ఈ రెండు చేతులును కలిసిన ఏమి సాధ్యమగునో, కలియకున్న ఏమి నష్టమో తెలిసికొనుటకు రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజను చరిత్ర చక్కని ఉదాహరణము.

ఈ ఇంజను జంటనగరములకు క్రొత్తది కాదు. ఆల్విన్ పేరుతో ఇచ్చట అమ్ముడైన పుష్పక్ స్కూటరు, వేలకొలది ఆటోరిక్షాలు, 1985 లో మన దేశమున విడుదలయిన ఆర్ఎక్స్ 100 మోటారుసైకిలు – ఇవి యన్నియు రెండు స్ట్రోకుల ఇంజనుతోనే నడచినవి. నేడు రోడ్లపై అది అరుదైనను, ప్రత్తి చేలలో మందు చల్లు పంపులందును, చెట్లు కోయు గొలుసు రంపములందును ఇంకను పని చేయుచున్నది. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి చెట్లను కూల్చినప్పుడు, మూసుకొనిపోయిన రోడ్లను తెరచుటకు అక్కరకు వచ్చినవి ఈ రంపములే.

నాలుగు స్ట్రోకుల ఇంజనుకు తలుపుల వంటి వాల్వులుండును. వానిని తెరచి మూయుటకు వేరే యంత్రాంగము ఉండును. సామాన్యమైన రెండు స్ట్రోకుల ఇంజనులో ఆ తలుపులు లేవు. సిలిండరు గోడకు మూడు విధములైన ద్వారములుండును. పెట్రోలు కలిసిన గాలి క్రింది పెట్టెలోనికి వచ్చుటకు ఒకటి, అచ్చటినుండి సిలిండరు పై భాగమునకు పోవుటకు రెండవది, కాలిన వాయువు వెలికి పోవుటకు మూడవది. పైకి క్రిందికి కదలు ముషలకమే, అనగా పిస్టనే, వీనిని తెరచుచు మూయుచు ఉండును. కావున ద్వారము అంచు ఒక్క మిల్లీమీటరు పైకి జరిగినను ఇంజను స్వభావమే మారిపోవును. అంచులను అరగదీసి, ద్వారముల ఆకారమును దిద్ది, ఇంజను నడకను మార్చుటనే మెకానిక్కులు 'పోర్టింగు' అందురు.

ఈ యంత్రము ఒక్కరి సృష్టి కాదు. స్కాట్లండు దేశీయుడైన డ్యుగాల్డ్ క్లర్కు 1878–81 నడుమ రెండు స్ట్రోకుల ఇంజనును రూపొందించెను. అయితే దానికి వాయువును నింపు వేరొక సిలిండరు కావలసి యుండెను. ఇంగ్లండులోని బాత్ నగరమున జోసెఫ్ డే అను ఇంజనీరు పిస్టను క్రింది పెట్టెనే పంపుగా వాడుకొని 1891 లో పేటెంటు పొందెను. అతని కార్ఖానాలో పనిచేయు ఫ్రెడరిక్ కాక్ మరియొక అడుగు వేసి, గాలి లోనికి వచ్చు ద్వారమును కూడ పిస్టనుచేతనే తెరిపించెను. వాల్వులు లేని మూడు ద్వారముల ఇంజను ఈ విధముగ పుట్టినది. చరిత్రలో యజమాని పేరు నిలిచినంతగా పనివాని పేరు నిలువలేదు. కాని ఆ ఇంజనులో నేటికిని నిలిచియున్నది ఆ పనివాని ఊహ.

ఆ తొలి ఇంజనులందు ఒక లోపము కలదు. క్రొత్త వాయువు ఎదుటనున్న బయటి ద్వారమునుండి నేరుగ పోకుండ, పిస్టను నెత్తిపై మూపురము వంటి ఎత్తును పెట్టెడివారు. అది బరువు, అది వేడెక్కుట కూడ ఎక్కువ. 1920 దశకము మధ్యలో జర్మనీ దేశపు అడాల్ఫ్ ష్నూర్లె, లోని ద్వారములను ఏటవాలుగా త్రిప్పి, వాయువు ఎదుటి గోడకు పోయి పైకి చుట్టి తిరుగునట్లు చేసెను. మూపురము పోయి పిస్టను దాదాపు చదునైనది. ఇక్కడ మారినది లోహము కాదు, ద్వారము చూచు దిక్కు మాత్రమే.

తరువాతి అడుగు తూర్పు జర్మనీలోని ఎమ్‌జడ్ కార్ఖానాలో పడినది. వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు పొగగొట్టములోని పీడన తరంగములను ఆసిలోస్కోపు తెరపై పరిశీలించి, మొదట వెడల్పై పిదప సన్నగిల్లు గొట్టమును మెరుగుపరచెను. 1961 నాటికి అతని 125 ఘన సెంటీమీటర్ల ఇంజను దాదాపు 25 అశ్వశక్తుల నిచ్చెను. ఆ సంవత్సరమే అతని జట్టు పందెగాడు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడను పందెము నుండి పడమటి దేశములకు పారిపోయి, జపానులోని సుజుకి సంస్థలో చేరెను. 1962 లో 50 ఘ.సెం.మీ. తరగతి ప్రపంచ విజేతృత్వము డెగ్నర్ నడపిన సుజుకికే దక్కెను.

ఆ గొట్టపు రహస్యమేమో విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును. ఆర్ఎక్స్ 100 సిలిండరు వ్యాసము 50 మి.మీ., పిస్టను నడక 50 మి.మీ. నిమిషమునకు 7500 చుట్లు తిరుగునపుడు ఒక చుట్టుకు 8 మిల్లీసెకండ్లు పట్టును. ఇట్టి ఇంజనులో బయటి ద్వారము 180 డిగ్రీల పాటు తెరచియుండునని అనుకొందము. అది 4 మిల్లీసెకండ్లు. వేడి పొగలో తరంగము సెకండుకు సుమారు 500 మీటర్లు పోవును. అనగా ఆ వ్యవధిలో 2 మీటర్లు. కావున పొగగొట్టపు సన్నని కొన సుమారు 1 మీటరు దూరమున ఉన్నచో, అక్కడ తగిలి మరలిన తరంగము ద్వారము మూసుకొను వేళకు తిరిగి వచ్చి, బయటికి జారిన క్రొత్త వాయువును లోనికి నెట్టును. కదలు భాగము ఒక్కటియు లేని గొట్టము తలుపు పని చేయుచున్నది!

ఇప్పుడు ఆకురాయి సంగతి. క్రాంకు సగము దారిలో, అనగా 90 డిగ్రీల వద్ద, ఈ పిస్టను డిగ్రీకి సుమారు 0.44 మి.మీ. కదలును. కావున ద్వారపు పై అంచును 1 మి.మీ. ఎత్తు చేసినచో, అది సుమారు 2.3 డిగ్రీలు ముందు తెరచుకొని, అంతే ఆలస్యముగ మూసుకొనును. మొత్తము నాలుగున్నర డిగ్రీలు పెరుగును. వేగము హెచ్చైనపుడు బలము పెరుగును, కాని తక్కువ వేగమున లాగు శక్తి తగ్గును. ద్వారమును మితిమీరి వెడల్పు చేసినచో పిస్టను రింగు అందులోనికి పొంగి, అంచుకు తట్టుకొని విరుగును. గోరిన లోహము మరల రాదు. అందుచేతనే ఈ పని నేర్చువాడు మొదట నేర్వవలసినది కోయుట కాదు, కొలుచుట. క్రాంకుకు డిగ్రీల చక్రము బిగించి, ప్రతి ద్వారము తెరచు కోణమును, మూయు కోణమును వ్రాసికొని, ఒకసారి ఒక్క మార్పే చేసి, మరల పరీక్షించవలెను. ఇది ప్రయోగశాల నియమమే.

గొలుసు రంపముల చరిత్రయు ఇదే చెప్పును. 1929 లో ఆండ్రియాస్ స్టీల్ తయారుచేసిన పెట్రోలు రంపమును మోయుటకు ఇద్దరు మనుషులు కావలెను. 1950 దశకమున ఒక్కడే పట్టగల రంపములు వచ్చినవి. అమెరికాలో మెకల్లక్ సంస్థ రంపపు ఇంజనులనుండి 1959 లో చిన్న పందెపు బండ్ల ఇంజనును రూపొందించగా, ద్వారములు దిద్దు విద్య రంపము నుండి పందెమునకును, పందెము నుండి మరల రంపమునకును పాకినది.

అయితే ఈ ఇంజనుకు పుట్టుకతో వచ్చిన దోషము విడువలేదు. రెండు ద్వారములును ఒకేసారి తెరచియుండుటచే, కొన్ని స్థితులలో దాదాపు మూడవ వంతు క్రొత్త వాయువు కాలకయే బయటికి పోవును. కందెన నూనె కూడ కాలి పొగయగును. ఊపిరితిత్తులకు అది హాని. ఆర్ఎక్స్ 100 తయారీ 1996 లో నిలిచిపోయినది. 2000 లోను, 2020 లోను కఠినతరములైన కాలుష్య ప్రమాణములు రాగా రెండు స్ట్రోకుల క్రొత్త వాహనములు దాదాపు కనుమరుగైనవి. రోడ్డుపై తిరుగు బండి ఇంజనును తయారీదారుని ప్రమాణములకు భిన్నముగ మార్చుటను మోటారు వాహనముల చట్టము నిషేధించుచున్నది. బలము కొరకు ద్వారమును పెంచిన మెకానిక్కు, చాలసార్లు పొరుగువాని ఊపిరిలో పొగను కూడ పెంచెనని ఒప్పుకొనక తప్పదు.

కాని విద్య వ్యర్థము కాలేదు. నేటి గొలుసు రంపములు కొన్నింటిలో, పెట్రోలు కలియని గాలి పొర మొదట సిలిండరులోనికి వచ్చి పొగను నెట్టును. దాని వెనుక మిశ్రమము వచ్చును. బయటికి జారునది చాలవరకు వట్టి గాలియే. ఇదియు ద్వారములను దిద్దియే సాధించినది. బలము కొరకు నేర్చిన విద్యయే శుభ్రతకు ఉపకరించినది.

ఉపాధ్యాయులు పాత ఇనుప సామాను అంగడినుండి పాడైన స్కూటరు సిలిండరు నొకదానిని తెచ్చి, అడ్డముగ కోయించి, తరగతిలో ఉంచవచ్చును. కాగితముపై గీసిన డిగ్రీల చక్రము, ఒక స్కేలు, ఒక విద్యార్థి చాలును. ఏ ద్వారము ఎప్పుడు తెరచుకొనునో విద్యార్థి తన చేతితో కొలిచిననాడు, కార్ఖానాకును కళాశాలకును నడుమ దూరము ఒక రైలు స్టేషనుకంటె ఎక్కువ లేదని అతడే గ్రహించును.