కరెంటు చదివిన లలిత

పల్నాడుకు సముద్రం లేదు. మాచర్ల వాళ్లకు నీళ్లంటే నాగార్జునసాగర్, కారంపూడి వాళ్లకు నాగులేరు. అయినా గురజాలలో ఓ తల్లి సింగపూర్‌లో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడిందంటే, ఆ మాట ఎక్కడో ఒకచోట సముద్రంలోకి దిగాల్సిందే. చాలా ఊళ్లలో అది మొదట ఎక్కేది మాత్రం వీధిలో కరెంటు స్తంభం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తీగను భూమిలో పాతకుండా విద్యుత్ స్తంభాల మీదుగానే లాగారు. ఖర్చు తక్కువ, పని తొందరగా అవుతుంది. పైగా మా నాపరాయి నేలలో కందకం తవ్వడమంటే ఏమిటో తవ్వినవాళ్లకే తెలుసు. గడ్డి ట్రాక్టరు తగిలి తీగ తెగినప్పుడు తిట్టుకుంటాం, అది వేరే సంగతి.

సింగపూర్‌కు సముద్రంలో ఉన్న దారుల్లో ఒకటి ఐ2ఐ కేబుల్. చెన్నై తీరం నుంచి 2002లో వేసిన దీని పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. లోతు సముద్రంలో పడుకునే ఇలాంటి కేబుల్ మన బొటనవేలికన్నా పెద్ద లావేమీ ఉండదు. అడ్డంగా కోసి చూస్తే పైన నల్లటి పాలిథిన్ తొడుగు, దాని కింద పలచటి రాగి గొట్టం, లోపల ఉక్కు తీగల కట్ట, నడిమధ్యలో వెంట్రుకల్లాంటి గాజు పోగులు. వెలుగు నడిచేది గాజులో. మరి రాగి దేనికి? కరెంటుకు. పోనుపోనూ వెలుగు మందగిస్తుంది కాబట్టి 60 నుంచి 100 కిలోమీటర్లకోసారి దాన్ని మళ్లీ బలపరిచే రిపీటర్ పెట్టాలి. దానికి కరెంటు కావాలి. అందుకే తీరంలోని స్టేషన్ నుంచి వేల వోల్టుల ఒత్తిడితో, ఒక ఆంపియర్‌కు అటూఇటుగా డీసీ కరెంటును రాగిలోంచి పంపుతూనే ఉంటారు. అది తిరిగొచ్చే దారి సముద్రపు నీరే. లెక్కకు ఇంటర్నెట్ తీగే గానీ, అందులో సగం పని కరెంటు వాళ్లది.

ఆ కరెంటు చదువులో మన దేశంలో మొట్టమొదట డిగ్రీ పుచ్చుకున్న మహిళ తెలుగింటి అమ్మాయి, అయ్యలసోమయాజుల లలిత.

1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. అన్నదమ్ములు ఇంజనీరింగ్ వైపు వెళ్లారు, ఆడపిల్లలకు మాత్రం ఆనాటి ఆనవాయితీ ప్రకారం చిన్నప్పుడే పెళ్లిళ్లు. లలితకు పదిహేనో ఏట పెళ్లయింది. 1937లో కూతురు శ్యామల పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయారు. అప్పటికి లలితకు పద్దెనిమిదేళ్లు.

ఆ రోజుల్లో వితంతువు చదువుకుంటానంటే వైద్యమో, టీచరు ఉద్యోగమో గుర్తొచ్చేవి. డాక్టరైతే అర్ధరాత్రి కబురొచ్చినా లేచి వెళ్లాలి, చంటిపిల్లతో అది కుదిరే పని కాదు. వేళకు వెళ్లి వేళకు ఇంటికొచ్చే ఉద్యోగం కావాలి. ఇంజనీరింగ్ ఎంచుకోవడంలో ఈ లెక్క ఉంది. విజేతల కథలకు అలవాటుపడ్డ మనకు ఇది కాస్త చప్పగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆమె జీవితంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదే అనిపిస్తుంది.

క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ ఫస్టు క్లాసులో ప్యాసయ్యారు. గిండీలో అప్పటిదాకా ఆడపిల్లలు లేరు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడి, విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ అనుమతి తెచ్చారు. 1940లో లలిత చేరారు. ఆమె కోసం విడిగా హాస్టల్ వసతి చూశారు. పాప బంధువుల ఇంట్లో ఉండేది, వారాంతాల్లో తల్లి వెళ్లి చూసొచ్చేది. క్లాసులో ఇబ్బంది లేదు, హాస్టల్లోనే ఒంటరితనం. దాంతో తండ్రి మరో ఏర్పాటు చేశారు. అమ్మాయిలను కూడా చేర్చుకుంటామని కాలేజీ చేత ప్రకటన ఇప్పించారు. మరుసటి ఏడు లీలమ్మ జార్జ్, పి.కె. థ్రెసియా సివిల్‌లో చేరారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల కోర్సు కాలం కుదించడంతో ముగ్గురూ ఒకేసారి బయటికొచ్చారు. కూతురికి తోడు కోసం ఓ తండ్రి పడ్డ తాపత్రయం దేశానికి మరో ఇద్దరు ఇంజనీర్లను ఇచ్చింది. థ్రెసియా తర్వాత కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖకు చీఫ్ ఇంజనీర్ అయ్యారు.

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పూర్తిచేసి, 1944లో సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో చేరారు. కొంతకాలం తండ్రి పరిశోధనల్లో సాయపడ్డారు. కరెంటుతో పలికే ఓ సంగీత వాద్యం, పొగరాని పొయ్యి లాంటి వాటికి ఆయన పేటెంట్లు తీసుకున్నారు. అయితే ఇల్లు గడవాలంటే జీతం కావాలి. 1948లో కలకత్తాలోని బ్రిటిష్ కంపెనీ అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌కు వెళ్లారు. అక్కడ ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ చూశారు, భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పని కూడా చేశారు.

సముద్రం కేబుల్ ఇక్కడ మళ్లీ తగులుతుంది. 1955లో ఇదే కంపెనీ లండన్‌లోని సీమెన్స్ బ్రదర్స్‌ను తనలో కలుపుకుంది. దాంతో పాటు సబ్‌మెరైన్ కేబుల్స్ లిమిటెడ్ అనే సంస్థలో వాటా దాని చేతికొచ్చింది. 1956 సెప్టెంబరు 25న మొదలైన తొలి అట్లాంటిక్ టెలిఫోన్ కేబుల్ టాట్-1లో ఎక్కువ భాగం తయారైంది ఈ సంస్థలోనే. ఆ కేబుల్‌లో ఒకేసారి 36 సంభాషణలు నడిచేవి. లలిత ఆ కేబుల్ మీద పనిచేశారని కాదు, ఆమె తీగలన్నీ నేల మీదివే. కానీ స్తంభాల మీద కరెంటు పంపే విద్య, సముద్రం అడుగున రిపీటర్లకు కరెంటు అందించే విద్య ఒకే కొలువులో ఉండేవి.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. లలిత వెళ్లారు. మన దేశంలో మహిళా ఇంజనీర్ల సంఘమేదీ లేకపోవడంతో వ్యక్తిగత హోదాలోనే పాల్గొన్నారు. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని మహిళా ఇంజనీర్ల సొసైటీ ఆమెకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది. ఆమె పుట్టిన 1919లోనే పుట్టిన సొసైటీ అది. 1977లో రిటైరయ్యారు, రెండేళ్లకే 60 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

సముద్రం కేబుల్ ఒడ్డెక్కడానికి ఇప్పుడు విశాఖ వంతు వచ్చింది. 1,500 కోట్ల డాలర్లతో అక్కడ ఏఐ కేంద్రం కడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది. అందులో సముద్ర కేబుళ్లు ఒడ్డెక్కే గేట్‌వే కూడా భాగం. ఇలాంటి కేబుల్ ఒడ్డెక్కే స్టేషన్లో రిపీటర్లకు కరెంటు పంపే గది ఒకటుంటుంది, దాన్ని రాత్రింబవళ్లు చూసుకోవాలి. నరసరావుపేట కాలేజీల్లో ట్రిపుల్ ఈ చదివే అమ్మాయిలకు అది తెలియని పనేం కాదు. అలాంటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొస్తే ఇళ్లలో ముందుగా అడిగేది హాస్టల్ ఎంత దూరం, నైట్ డ్యూటీకి బండి పంపిస్తారా అనే. సుబ్బారావు గారు 1940లో ఒక్కొక్కటిగా చూసుకున్నవీ ఇలాంటి ఏర్పాట్లే.