స్ప్రెడ్‌షీట్ మాక్రోలలో ఫైలు మార్గాలు

ఫైలు మార్గం అనగా కంప్యూటరులో ఒక ఫైలు ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో, ఏ పేరుతో ఉన్నదో తెలిపే అక్షరాల వరుస. ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్లలో వ్రాసే మాక్రోలు ఇతర ఫైళ్ళను తెరవాలన్నా, నకలు తీయాలన్నా, తొలగించాలన్నా ఈ మార్గమే ఆధారం. మనిషి మౌసుతో ఫైలును వెదకి తెరిచేటప్పుడు మార్గాన్ని గురించి ఆలోచించవలసిన పని లేదు. మాక్రోకు మాత్రం ఒక్క అక్షరం తప్పినా ఫైలు దొరకదు, లేదా వేరొక ఫైలు దొరుకుతుంది. ఈ రెండింటిలో రెండవదే ఎక్కువ ప్రమాదకరం.

ఎక్సెల్‌లో మాక్రోలు వ్రాసే భాష విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్. దీనిని క్లుప్తంగా వీబీఏ అంటారు. ఇది 1993లో ఎక్సెల్ 5.0తో వచ్చింది. ఈ వ్యాసంలో ఆదేశాలను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇవ్వడమైనది. ప్రోగ్రాములో వాటిని ఆంగ్ల అక్షరాలలోనే వ్రాయాలి.

మార్గ నిర్మాణం

విండోస్‌లో మార్గం డ్రైవు అక్షరంతో మొదలవుతుంది. దాని తరువాత ద్విబిందువు, ఆపైన ఒక్కొక్క ఫోల్డరు పేరు, చివర ఫైలు పేరు వస్తాయి. వీటిని బ్యాక్‌స్లాష్ గుర్తు విడదీస్తుంది. ఉదాహరణకు నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలోని పాఠశాలల మార్కులను ఒకచోట చేర్చే కంప్యూటరు ఉన్నదనుకుందాం. అందులో ఒక మార్గం ఇలా ఉండవచ్చును:

డి:\విడవలూరు\మార్కులు\రామతీర్థం.ఎక్స్ఎల్ఎస్ఎక్స్

యునిక్స్ వంటి వ్యవస్థలలో విభజన గుర్తు మామూలు స్లాష్. 1983లో వచ్చిన డాస్ 2.0లో మొదటిసారి ఫోల్డర్ల అమరికను ప్రవేశపెట్టేనాటికి, ఆ స్లాష్ గుర్తును ఆదేశాల ఐచ్ఛికాలకు వాడుతున్నారు. అందువలన బ్యాక్‌స్లాష్‌ను ఎన్నుకున్నారు. మాకింటాష్ ఎక్సెల్‌లో 2011 కూర్పు వరకు ద్విబిందువే విభజన గుర్తు, 2016 కూర్పు నుండి స్లాష్. రెండు రకాల యంత్రాలపైనా నడవవలసిన మాక్రోలో గుర్తును నేరుగా వ్రాయక అప్లికేషన్.పాత్‌సెపరేటర్ వాడాలి.

స్లాష్, బ్యాక్‌స్లాష్, ద్విబిందువు, నక్షత్రం, ప్రశ్నార్థకం, జంట కొటేషను, కోణపు బ్రాకెట్లు, నిలువు గీత ఫైలు పేరులో చెల్లవు. మన కార్యాలయాలలో తేదీని 12/06/2008 అని వ్రాయడం అలవాటు. ఆ తేదీని ఫైలు పేరులో చేర్చే మాక్రో అక్కడే ఆగిపోతుంది. 2008-06-12 అని వ్రాస్తే దోషం పోవడమే కాక ఫైళ్ళు కాలక్రమంలో కూడా అమరుతాయి.

పూర్తి మార్గం, సాపేక్ష మార్గం

పైన చూపినది పూర్తి మార్గం. దీనిని మాక్రోలో ఉన్నదున్నట్లు వ్రాసిపెట్టడం సులభమే కాని నిలవదు. పెన్‌డ్రైవును వేరొక కంప్యూటరులో పెట్టినప్పుడు డి కాస్తా ఎఫ్ కావచ్చును. ఇందుకు మేలైన పద్ధతి, మాక్రో ఉన్న ఫైలును, అది చదవవలసిన ఫైళ్ళను ఒకే ఫోల్డరులో ఉంచి, దిస్‌వర్క్‌బుక్.పాత్ ద్వారా ఆ ఫోల్డరు మార్గాన్ని అడిగి తెలుసుకోవడం:

దిస్‌వర్క్‌బుక్.పాత్ & "\" & ఫైలు పేరు

మధ్యనున్న బ్యాక్‌స్లాష్‌ను మరచిపోవడం అతి సాధారణమైన తప్పు. అప్పుడు ఫోల్డరు పేరు, ఫైలు పేరు అతుక్కుపోయి లేని ఫైలు పేరు తయారవుతుంది. ఇంకా ఒకసారి కూడా భద్రపరచని ఫైలుకు పాత్ ఖాళీగా వస్తుంది. దిస్‌వర్క్‌బుక్ అంటే మాక్రో ఉన్న ఫైలు, యాక్టివ్‌వర్క్‌బుక్ అంటే ఆ క్షణాన ఎదురుగా ఉన్న ఫైలు. మాక్రో మరొక ఫైలును తెరవగానే రెండవది మారిపోతుంది.

మార్గం లేకుండా ఒట్టి ఫైలు పేరు ఇస్తే మాక్రో ప్రస్తుత ఫోల్డరులో వెదకుతుంది. ఆ ఫోల్డరు ఏదో కర్‌డిర్ చెబుతుంది. అది సాధారణంగా వినియోగదారు చివరగా ఏ ఫోల్డరులో ఫైలు తెరిచాడన్న దానిపై ఆధారపడుతుంది. నిరుటి మార్కుల ఫోల్డరులో కూడా రామతీర్థం పేరుతోనే ఫైలు ఉంటే, ఏ దోషమూ చూపకుండా నిరుటి మార్కులు ఈ సంవత్సరపు పట్టికలో చేరిపోగలవు. ఇంకొక సంగతి, చ్‌డిర్ ఆదేశం ఫోల్డరును మారుస్తుందే గాని డ్రైవును మార్చదు. డ్రైవుకు చ్‌డ్రైవ్ వేరుగా ఇవ్వాలి.

తెలుగు పేర్లతో వచ్చే చిక్కు

ఆంగ్ల పుస్తకాలలో అంతగా కనబడని, తెలుగువారికి తప్పనిసరిగా ఎదురయ్యే సమస్య ఇది. విండోస్ ఫైలు పేర్లను యూనికోడ్‌లో దాస్తుంది కనుక తెలుగు పేర్లకు అడ్డు లేదు. వర్క్‌బుక్స్.ఓపెన్ కూడా తెలుగు మార్గాన్ని సరిగానే తీసుకుంటుంది. అయితే వీబీఏలోని పాత ఆదేశాలైన డిర్, కిల్, ఫైల్‌కాపీ, ఓపెన్ వంటివి యూనికోడ్‌కు ముందున్న కోడ్‌పేజీల పద్ధతిలో పనిచేస్తాయి. తెలుగుకు విండోస్‌లో అటువంటి కోడ్‌పేజీ ఎన్నడూ లేదు. అందువలన మార్గంలోని ప్రతి తెలుగు గుర్తు ఒక ప్రశ్నార్థకంగా మారిపోతుంది.

ప్రశ్నార్థకానికి డిర్, కిల్ ఆదేశాలలో ప్రత్యేకార్థం ఉన్నది. అది ఏ అక్షరానికైనా సరిపోయే గుర్తు. కనుక తెలుగు పేరుతో ఉన్న ఒక ఫైలును తొలగించమని కిల్‌కు చెబితే, ఆ వరుసకు సరిపోయే వేరే ఫైళ్ళు పోయే ప్రమాదం ఉన్నది. కిల్ తొలగించినవి రీసైకిల్ బిన్‌లోకి పోవు, మరి దొరకవు. ఫైల్‌కాపీ సైతం అదే పేరుతో పాత ఫైలు ఉంటే అడగకుండానే దానిపై వ్రాసివేస్తుంది. పిల్లల మార్కులున్న ఫోల్డరుపై ఈ రెండింటినీ ప్రయోగించే ముందు ఫోల్డరు మొత్తానికి నకలు తీసి ఉంచడం మంచిది.

వీబీఏ ఎడిటరులో తెలుగు అక్షరాలను నేరుగా టైపు చేసినా ప్రశ్నార్థకాలే మిగులుతాయి. చర్‌డబ్ల్యూ ప్రమేయంతో ఒక్కొక్క గుర్తును దాని సంఖ్య ద్వారా ఇవ్వవచ్చును. "మార్కులు" అనే పదానికి ఆ సంఖ్యలు వరుసగా 3118, 3134, 3120, 3149, 3093, 3137, 3122, 3137. మన లెక్కకు మా, ర్కు, లు అని మూడు అక్షరాలే అయినా కంప్యూటరు లెక్కకు ఎనిమిది. ఎక్సెల్ ఫైలు పూర్తి మార్గానికి చిరకాలంగా 218 గుర్తుల పరిమితి ఉన్నందున, పొడవైన తెలుగు ఫోల్డరు పేర్లు ఊహించినదానికంటె త్వరగా ఆ హద్దును చేరుతాయి.

సంఖ్యలు కూర్చుకొనేకంటె తెలుగు పేరును షీటులోని ఒక గడిలో వ్రాసి, మాక్రో దానిని అక్కడినుండి చదివేటట్లు చేయడం తేలిక. గడిలోని తెలుగు చెడదు. సరిచూసుకొనడానికి మెసేజ్‌బాక్స్ వాడితే మాత్రం అందులోనూ ప్రశ్నార్థకాలే కనబడి, విలువే చెడిందన్న భ్రమ కలుగుతుంది. విలువను మరొక గడిలో వ్రాయించి చూడాలి.

మరొక కంటికి కనబడని చిక్కు పొల్లు తరువాత వచ్చే శూన్య వెడల్పు గుర్తు. దాని సంఖ్య 8204. కొన్ని టైపింగు పద్ధతులు దానిని పదం చివర చేరుస్తాయి. "మార్చ్" అని రెండు ఫైళ్ళు ఒకే పేరుతో ఉన్నట్లు కనబడితే, ఒకదానిలో ఈ గుర్తు దాగి ఉండవచ్చును. లెన్ ప్రమేయంతో పొడవు కొలిస్తే తేడా తెలుస్తుంది.

ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్

పాత ఆదేశాలకు బదులు విండోస్‌లోని ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్‌ను వాడితే తెలుగు పేర్లు చెక్కుచెదరవు. ఫైలు ఉన్నదా అని చూడడానికి ఫైల్‌ఎగ్జిస్ట్స్, మార్గాన్ని కలపడానికి బిల్డ్‌పాత్ ఇందులో ఉన్నాయి. రెండవది అవసరమైతేనే బ్యాక్‌స్లాష్ చేరుస్తుంది. ఇది మాకింటాష్‌లో లేదు. ఫోల్డరులోని ఫైళ్ళన్నిటినీ దీని ద్వారా చదివేటప్పుడు, ఎవరైనా ఒక ఫైలును తెరచి ఉంచితే ఎక్సెల్ సృష్టించే దాగిన తాత్కాలిక ఫైలు కూడా జాబితాలో వస్తుంది. దాని పేరు టిల్డా, డాలరు గుర్తులతో మొదలవుతుంది. దానిని వదలివేయాలి.

ఇంటర్నెట్ ఫోల్డర్లు

ఫైలు వన్‌డ్రైవ్‌లో ఉంటే దిస్‌వర్క్‌బుక్.పాత్ డ్రైవు అక్షరంతో కాక వెబ్ చిరునామాగా రావచ్చును. డిర్, ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్ రెండూ దానిని అర్థం చేసుకోలేవు. మాక్రో నడిపే ఫోల్డరును వన్‌డ్రైవ్ వెలుపల ఉంచడమే ప్రస్తుతానికి నమ్మదగిన ఉపాయం.

లిబ్రెఆఫీస్‌లో

ఓపెన్ఆఫీస్.ఆర్గ్ నుండి 2010లో విడివడిన లిబ్రెఆఫీస్ కాల్క్‌లోని బేసిక్, ఫైళ్ళను తెరవడానికి మార్గాన్ని వెబ్ చిరునామా రూపంలో కోరుతుంది. మామూలు మార్గాన్ని ఆ రూపంలోకి మార్చడానికి కన్వర్ట్‌టుయూఆర్ఎల్, తిరిగి మార్చడానికి కన్వర్ట్‌ఫ్రమ్‌యూఆర్ఎల్ ఉన్నాయి. ఇందులో ఒక్కొక్క తెలుగు గుర్తు శాతం గుర్తులతో కూడిన తొమ్మిది గుర్తులుగా మారుతుంది. చూడడానికి గందరగోళంగా ఉన్నా ఇక్కడ పేరు చెడదు, తిరిగి మార్చినప్పుడు యథాతథంగా వస్తుంది.