సిపాయి పేరుకు ఊరే సాక్ష్యం

తెలుగునాట మామూలు రైతు, కూలీ కుటుంబాల వంశచరిత్ర కాగితం మీదికి ఎక్కింది చాలా తక్కువ. రాజులకు శాసనాలు, జమీందార్లకు వంశావళులు, ఊళ్లకు కైఫీయతులు మిగిలాయి. కాపు కుటుంబాల గోత్రాలనూ వంశక్రమాన్నీ పిచ్చికుంట్లవారు తరతరాలుగా నోటితోనే నిలబెట్టారు. ఆ గొంతులు వినపడని ఊళ్లలో ముత్తాతకు పైవాళ్ల పేర్లు చెప్పగలిగే ఇళ్లు అరుదు. అలాంటి కుటుంబాలకు రెండు ప్రపంచయుద్ధాల సైనిక రికార్డులు ఇవాళ పెద్ద ఆధారం. వాటిలో ముఖ్యమైనవాటిని ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేకుండా వెతకవచ్చు. అయితే ఆ రికార్డు మనకు పేరును అందిస్తుందే తప్ప ఆ పేరు మనవాడిదేనని తేల్చదు. తేల్చే శక్తి ఊరి లెక్కలకే ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే కుటుంబ చరిత్రకు గట్టి పునాది పడుతుంది.

1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్‌నే ఇప్పుడు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ అంటున్నారు. రెండు యుద్ధాల్లో చనిపోయిన సుమారు 17 లక్షల మంది వివరాలను అది ఉచితంగా అందుబాటులో ఉంచింది. సిపాయి పేరు, నంబరు, హోదా, దళం, చనిపోయిన తేదీ, స్మారకం ఉన్న చోటు అందులో కనిపిస్తాయి. భారతీయుల విషయంలో చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా రాసి ఉంటాయి. వంశచరిత్ర వెతికేవారికి పనికొచ్చేది ఈ చివరి వరుసే. కొడుకు, తండ్రి, ఊరు అనే మూడు ముక్కలు ఒకే చోట దొరికితే కనీసం రెండు తరాలు కాగితం మీద నిలిచినట్టే.

వెతికినా పేరు కనబడకపోతే ఆ మనిషి యుద్ధానికే వెళ్లలేదని కొందరు తీర్మానించేస్తారు. అది తొందరపాటు. ఈ జాబితా చనిపోయినవారిది. ప్రాణాలతో తిరిగొచ్చినవారు ఇందులో ఉండరు. చనిపోయినవారందరికీ కూడా సమానంగా చోటు దక్కలేదు. బస్రా స్మారకం మీద ఆఫీసర్ల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను దళాల వారీగా సంఖ్యలతో సరిపెట్టారు. ఇలాంటి వివక్ష జరిగిందని కమిషనే 2021 నివేదికలో ఒప్పుకుంది. పైగా 19వ శతాబ్దం చివర, కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే వీరజాతుల సిద్ధాంతం పేరుతో మద్రాసు పటాలాలను కుదించారు. అయినా మొదటి ప్రపంచయుద్ధంలో మద్రాసు రాజధాని నుంచి యాభై వేలకు పైగా సిపాయిలు, నలభై వేలకు పైగా ఇతర సేవల వారు చేరారు. యుద్ధం ముగిశాక పంజాబ్‌లో ఊరూరా రాయించిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో నిలిచాయి. వాటిలోని సుమారు 3,20,000 పేర్లను 2021 నుంచి ఆన్‌లైన్‌లోకి తెచ్చారు. మద్రాసు సిపాయిలను వెతకడానికి అలాంటి ఊరివారీ సాధనం మనకు అందుబాటులో లేదు. కాబట్టి పేరు లేకపోవడాన్ని బట్టి రాసినవారి పద్ధతి తెలుస్తుందే గాని మనిషి ఉనికి తేలదు. తిరిగొచ్చిన సిపాయికి ఇంట్లో మిగిలిన పతకమే సాక్ష్యం కావచ్చు. మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ అంచున నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి.

పేరు దొరికినా నమ్మేదెలా అన్న అభ్యంతరం ఇంతకంటే బలమైనది. సైనిక రికార్డుల్లో ఇంటిపేరు తరచుగా కనిపించదు. అప్పన్న, వెంకటస్వామి, రాములు వంటి పేర్లు ఊరికి పదిమందికి ఉంటాయి. ఇంగ్లీషు స్పెల్లింగులో ఊరి పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. దీనికి మందు జిల్లాల చరిత్రలో ఉంది. మొదటి యుద్ధం నాటి భీమవరం, తణుకు సిపాయిలు కృష్ణా జిల్లా కింద ఉంటారు. పశ్చిమగోదావరి ఏర్పడింది 1925లో. గంజాం అని రాసి ఉంటే ఒడిశా మనిషి అనుకోనక్కర్లేదు. టెక్కలి, ఇచ్ఛాపురం 1936 దాకా గంజాంలోనివే; శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. ఒంగోలు 1904కు ముందు నెల్లూరు జిల్లాలో, తర్వాత గుంటూరు జిల్లాలో, 1970 నుంచి కొత్త జిల్లాలో ఉంది. ఆనాటి జిల్లా, తాలూకా పట్టుకుంటే వెతకాల్సిన ఊళ్లు పిడికెడే మిగులుతాయి. స్కాన్ చేసి ఉచితంగా పెట్టిన పాత జిల్లా మాన్యువళ్లు, గెజిటీర్లు ఇందుకు తోడు నిలుస్తాయి.

ఆ పైన పని ఊరి దస్త్రాలది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో భూమి ఎవరికి దక్కింది, ఎవరి అనుభవంలో ఉంది అన్నది రాశారు. రైతువారీ ఊళ్లలో సెటిల్‌మెంటు రిజిస్టర్లు, అడంగళ్లు పట్టాదారుల పేర్లు చెబుతాయి. జమీందారీ ఊళ్లలో మాత్రం 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ప్రభుత్వ సర్వే విస్తృతంగా జరిగింది. అక్కడ సిపాయి రికార్డే ఆ కుటుంబానికి మొదటి ప్రభుత్వ కాగితం కావచ్చు. తెలంగాణలో 1954–55 ఖాస్రా పహాణీ ఇలాంటి మలుపు. ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో దొరికే ఓటరు జాబితాల్లో తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు ఉంటాయి కాబట్టి దగ్గరి తరాల నుంచి వెనక్కి నడవడానికి అవి మెట్లు.

తెల్లవాడు తన అవసరానికి రాసుకున్న కాగితాలతో మన చరిత్ర కట్టుకోవాలా అని అడిగేవారున్నారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ కాగితాలు నిరుపేదల పేర్లను కూడా పట్టుకున్నాయి. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లిన 1,52,184 మందిలో సుమారు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కారు. వారి ఓడ జాబితాల్లో తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు రాసి ఉన్నాయి. అవీ ఉచితంగానే చూడవచ్చు. దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబాలు తమ ఊళ్లను వెతుక్కోవడానికి ఆ వరుసలే ఆధారం. భూమి లేనివాడికి అడంగల్‌లో చోటు లేదు. పటాలం జాబితాలోనో ఓడ జాబితాలోనో ఉంది. రాసినవాడి ఉద్దేశం ఏదైనా, ఆ పేరు మీద హక్కు ఆ మనిషి వారసులది.

అందుకే రెండు పనులు జరగాలి. ప్రతి కుటుంబం తనకు దొరికిన పేరును తండ్రి పేరు, తాలూకా, భూమి దస్త్రం అనే మూడింటితో సరిచూసుకోవాలి. మూడూ కలవనంత వరకు దాన్ని అనుమానంగానే రాసుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు, ఆర్కైవ్స్ శాఖలు పాత ఇనాం, సెటిల్‌మెంటు రిజిస్టర్లను స్కాన్ చేసి, పేరుతో వెతకగలిగేలా అందరికీ ఉచితంగా అందించాలి. సైనిక రికార్డు సగం దారి ఇప్పటికే వేసింది. మిగతా సగం మన తాలూకా కచేరీల బీరువాల్లో ఉంది.