తప్పునకు పేరు పెట్టిన విధము



బడిపంతులుగా పలకలు దిద్దిన కాలమున నేను తప్పైన లెక్కకు అడ్డుగీత గీచి తిరిగి యిచ్చుచుంటిని. కూడికలో పొరపడిన బాలుడును, ప్రశ్న యర్థము గ్రహింపని బాలుడును ఒకే గీతను చూచుకొని పోయెడివారు. ఏ జాతి తప్పో తెలియక వారికి దిద్దుకొను దారి దొరకలేదని నాకు చాల ఆలస్యముగా తోచినది. కంప్యూటరులకు భాషలు కల్పించినవారికిని ఇదే చిక్కు ఎదురయ్యెను. దానిని వారెట్లు తీర్చిరో, ఎచ్చట తీర్పలేకపోయిరో మనవి చేసెదను.

యంత్రమునకు పని చెప్పు భాషను ప్రోగ్రామింగు భాష యందురు. 1967లో నార్వే దేశమున డాల్, నైగార్డ్ అను నిద్దరు విద్వాంసులు సిమ్యులా 67 అను భాషలో 'క్లాసు', అనగా వర్గము, అను నేర్పాటు చేసిరి. వర్గలక్షణ మొకమారు చెప్పిన చాలును. ఆ లక్షణము గల వస్తువులను ఎన్నిటినైనను పుట్టింపవచ్చును. అచ్చొకటియే, ఇటుకలు వేలు. పిదప అమెరికాలో ఆలన్ కే మొదలగువారు స్మాల్‌టాక్ భాషను నిర్మించిరి. అందు వస్తువు చేయగల పనికి 'మెథడు', అనగా పద్ధతి, అని వ్యవహారము.

సున్నతో భాగించు దోషమునకు 1960ల నాటి పీఎల్ వన్ భాషలోనే ప్రత్యేకమైన పేరు కలదు. 1991లో నెదర్లాండ్సు దేశస్థుడగు గీడో వాన్ రోసమ్ ప్రకటించిన పైథాన్ భాషలో ఈ యేర్పాటు చక్కగా విస్తరించినది. సంఖ్యలు, అక్షరమాలలు, పట్టికలు అందు భాషతోడనే వచ్చు వర్గములు. పట్టికను వరుసగా నమర్చుటకు 'సార్ట్', చివర నొకటి చేర్చుటకు 'అపెండ్' అను పద్ధతులు సిద్ధముగా నుండును. విశేష మేమనగా, నేడు ఆ భాషలో తప్పులును వర్గములే. సున్నతో భాగించిన 'జీరో డివిజన్ ఎర్రర్'. ఎన్నడును నిర్ణయింపని పేరు వాడిన 'నేమ్ ఎర్రర్'. సంఖ్యకు అక్షరములను కూడబోయిన 'టైప్ ఎర్రర్'. వీనికి వంశక్రమము కూడ కలదు. సున్నతో భాగించిన దోషమును, హద్దు మీరిన దోషమును 'అరిథ్మెటిక్ ఎర్రర్' అను గణితదోషమునకు సంతానము. తండ్రికై కాపు పెట్టినచో బిడ్డలును చిక్కుదురు. హేత్వాభాసములను ఐదు తెగలుగా విభజించి పేర్లు పెట్టిన తర్కశాస్త్రము చదివినవారికి ఇది వింతగా తోపదు.

పేరు పెట్టుటతోనే పని తీరునా? తీరదు. 1996 జూన్ 4వ తేదీన దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుండి ఏరియాన్ 5 అను ఐరోపావారి రాకెట్టు తొలిసారి లేచినది. దాని దిశను కనిపెట్టు యంత్రమునకు ఏడా అను భాషలో ప్రోగ్రాము వ్రాసియుండిరి. అందు అడ్డవేగమునకు సంబంధించిన ఒక సంఖ్యను 32,767 కంటె పెద్దది పట్టని స్థానములోనికి మార్చవలసియుండెను. పూర్వపు ఏరియాన్ 4లో ఆ సంఖ్య అంత పెరుగలేదు గనుక ఆ ప్రోగ్రామునే ఇందును ఉంచిరి. క్రొత్త రాకెట్టు అడ్డవేగము హెచ్చు. సంఖ్య స్థానమున పట్టలేదు.

యంత్రము 'ఆపరెండ్ ఎర్రర్' అని దోషమును పేరుతోనే చెప్పినది. అందుకొని సర్దు ఏర్పాటు మాత్రము లేదు. ఆపదకై యుంచిన రెండవ యంత్రమునందును అదే ప్రోగ్రాము. అదియు అట్లే ఆగెను. దోషమును గూర్చి వచ్చిన సమాచారమును రాకెట్టు నడుపు కంప్యూటరు ప్రయాణవార్త యని భ్రమించి, మంట వెడలు గొట్టములను ఒక్కసారిగా ప్రక్కకు త్రిప్పెను. లేచిన 40 సెకండ్లలోపల రాకెట్టు తునుకలయ్యెను. అందు మనుష్యులు లేరు. శాస్త్రపరిశోధనకు పంపిన నాలుగు ఉపగ్రహములు నశించినవి. అటువంటి ఏడు సంఖ్యలలో నాలుగింటికి కాపు పెట్టి, మూడింటిని హద్దు మీరవను నమ్మకమున విడిచిరని విచారణసంఘము తేల్చెను. పైగా ఆ లెక్క, క్రొత్త రాకెట్టు నేల విడిచిన పిమ్మట, అక్కరలేనిదే!

తప్పునకు పేరు పెట్టుట సగము విద్య. ఆ పేరు విని, దిద్దువాని నొకని ముందుగా నియమించుట రెండవ సగము. నా పలకల మీది గీత మొదటి సగమును కూడ చేయలేదు. ఇప్పుడు మనుమలు లెక్క తెచ్చినప్పుడు ఏ తప్పో పేరు చెప్పి, దిద్దుకొనువరకు ప్రక్కన కూర్చుండుచున్నాను.