యాష్ బిల్డింగ్

న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పక్కనున్న పదంతస్తుల చారిత్రక కట్టడం. 1901లో పూర్తయినప్పుడు దీన్ని నిప్పు ఏమీ చేయలేదన్నారు. ఆ మాట గోడల వరకే నిజమైంది.

పై మూడంతస్తుల్లో ట్రయాంగిల్ కంపెనీ ఆడవాళ్ల జాకెట్లు కుట్టించేది. 1911 మార్చి 25, శనివారం సాయంత్రం పని ముగిసే వేళ ఎనిమిదో అంతస్తులో గుడ్డపేలికలు అంటుకున్నాయి. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. బయటి ఇనుప మెట్లు జనం బరువుకు కూలిపోయాయి. అగ్నిమాపక దళం నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. 146 మంది మరణించారు. ఎక్కువమంది యూదు, ఇటలీ వలస కుటుంబాల అమ్మాయిలు. ఇంతటి ఘోరం జరిగినా కంపెనీ యజమానులు నిర్దోషులుగా బయటపడ్డారు.

వీధిలో నిలబడి ఆ దృశ్యం చూసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ 1933లో అమెరికా కార్మిక మంత్రి అయ్యారు.

బ్రౌన్ బిల్డింగ్‌గా పేరు మారిన ఈ భవనం ఇప్పుడు న్యూయార్క్ విశ్వవిద్యాలయానిది. మృతుల పేర్లతో ఇక్కడ 2023లో స్మారకం వెలిసింది.