ఇంట్లోకి, ఇంటికి

మా అమ్మమ్మ పద్దుల పుస్తకం మొదటి పేజీ పైన 'శ్రీరామ' అని ఉంటుంది. ఆ తరవాత 1971 నుంచి 1979 దాకా రాముడి ఊసు ఎక్కడా లేదు. ప్రతి పేజీని నిలువుగా పెన్సిలు గీతతో రెండు చేసి, ఎడమ పక్క 'ఇంట్లోకి' అనీ, కుడి పక్క 'ఇంటికి' అనీ రాసుకుంది. ఇంట్లోకి అంటే పాలు, కిరసనాయిలు, కందిపప్పు, చాకలి. ఇంటికి అంటే ఇంకా కట్టని, స్థలం కూడా కొనని ఇంటికి. ఒక్క విభక్తి తేడాలో ఆ కుటుంబం తొమ్మిదేళ్ళు బతికింది.

తాతయ్య తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లు గుమాస్తా. (తాడేపల్లిగూడెం అని పూర్తిగా అనడం రైల్వే వాళ్ళకే చెల్లింది, మాకు గూడెమే.) అద్దె ఇల్లు, రెండు గదులు, అయిదుగురు పిల్లలు. పుస్తకం తిరగేస్తుంటే ఇంట్లోకి అనే పక్క ఎలా సన్నబడుతూ వచ్చిందో కనిపిస్తుంది. మొదట వార్తాపత్రిక పోయింది, అది మిల్లులో చదువుకోవచ్చని. తరవాత పాలు సగమయ్యాయి. సాయంత్రం కాఫీ తాతయ్యకు ఒక్కడికే. 1972లో 'కట్టెలు' అన్న పద్దు ఆగిపోయి, దాని చోట 'పొట్టు' వచ్చింది. రంపపు మిల్లు నుంచి గోనెసంచితో పొట్టు తెచ్చుకుని, రేకు పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసా మెల్లగా పైకి లాగితే మిగిలే బొక్కలో మంట పెట్టాలి. కూరడం వదులైతే మధ్యలో కూలిపోయి ఇల్లంతా పొగ. ఆ పని మా అమ్మది. పొట్టు పొయ్యి గురించి ఎవరైనా ముచ్చటగా మాట్లాడితే ఆవిడకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఉల్లిపాయలు మాత్రం తగ్గలేదు. గూడెం ఉల్లి మార్కెట్టు పెద్దది. గ్రేడింగులో పక్కన పడేసిన గోళీకాయలంత పాయలు చవగ్గా దొరికేవి. ఆ చిన్న పాయల పొట్టు తీయడానికి పట్టే టైముకు పద్దు లేదు కదా.

అసలు తొమ్మిదేళ్ళు ఎందుకు పట్టింది? ఈ రోజు మనం ఇంటి కోసం దాస్తున్నామంటే, ధరలో అయిదో వంతో పదో వంతో చేతిలో పెట్టుకుని మిగిలింది బ్యాంకు దగ్గర తెచ్చుకోవడానికి అని అర్థం. 1971లో ఆ 'మిగిలింది' లేదు. స్థలం మొత్తం ధర చేతిలో ఉండాలి. ముందు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకోవాలి, గడువులోపల మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషను చేయించుకోవాలి. గడువు దాటితే బయానా పోతుంది.

ఈ ప్రాంతానికి బ్యాంకులు కొత్త కాదు. ఏలూరుకీ గూడేనికీ మధ్య గుండుగొలనులో 1880లో పుట్టిన పట్టాభి సీతారామయ్యే 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1969లో ఇందిరాగాంధీ 14 బ్యాంకులను జాతీయం చేశాక డెల్టా ఊళ్ళలో శాఖలు పుట్టుకొచ్చాయి. కానీ వాటి అప్పులు ఎరువులకూ, పంపుసెట్లకూ, వ్యాపారానికీ, తాకట్టు పెట్టిన బంగారానికీ. జీతం మీద బతికే మామూలు మనిషి ఇల్లు కట్టుకోవడానికి పదిహేనేళ్ళ అప్పివ్వడం బ్యాంకు పని అని అప్పట్లో బ్యాంకులే అనుకోలేదు. సర్కారు ఉద్యోగికి హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు ఉండేది. 1960లో ఏర్పడ్డ హౌసింగ్ బోర్డు కాలనీలు కట్టింది గాని అవి అందరికీ చాలేవి కావు. ఇళ్ళ అప్పుల కోసమే హెచ్‌డీఎఫ్‌సీ బొంబాయిలో మొదలైంది 1977లో. నేషనల్ హౌసింగ్ బ్యాంకు వచ్చింది 1988లో. జీతం ఉండి జీతం స్లిప్పు లేని మిల్లు గుమాస్తాకు ఇవేవీ అందేవి కావు. ఆయనకు ఉన్న బ్యాంకు చీటీ.

చీటీ సంగతి తెలిసినవాళ్ళు ఈ పేరా దాటెయ్యొచ్చు. ఇరవై మంది, నెలకు 500 చొప్పున, ఇరవై నెలలు అనుకుందాం. ప్రతి నెలా 10,000 పోగవుతుంది. అవసరం ఉన్నవాళ్ళు పాడతారు, ఎవరు ఎక్కువ వదులుకుంటే వాళ్ళకు డబ్బు. ఒకాయన 2,500 వదులుకుని పాడితే చేతికి 7,500 వస్తుంది. వదిలిన దాంట్లోంచి నిర్వాహకుడు అయిదు శాతం కమీషను కింద 500 తీసుకోగా మిగిలిన 2,000 ఇరవై మందికీ పంచితే తలా వంద. అంటే ఆ నెల అందరూ 400 కడితే చాలు. ముందు పాడినవాడు వడ్డీ కట్టినట్టు, చివరి దాకా ఆగినవాడు వడ్డీ సంపాదించినట్టు. ఒకే పాటలో అప్పూ, పొదుపూ రెండూ ఉంటాయి. కాగితాల బలం లేకుండా, ముఖపరిచయం హామీగా నడిచే ఈ ఏర్పాటుకు నాకు ఇప్పటికీ గౌరవమే.

ఇంటి కోసం దాచేవాళ్ళు సహజంగానే చివరి దాకా ఆగుతారు. వాళ్ళకు తొందర లేదు, నష్టానికి పాడుకోవడానికి మనసొప్పదు. చిక్కు అక్కడే ఉంది. నిర్వాహకుడు చేతులెత్తేస్తే ముందు పాడుకున్నవాళ్ళ చేతికి డబ్బు వచ్చేసి ఉంటుంది, మునిగేది చివరి వరసలో ఉన్నవాళ్ళు. ఎవరు ఎక్కువ పొదుపరులో వాళ్ళే ఎక్కువ నష్టపోయే అమరిక అది. 1975లో అమ్మమ్మ పుస్తకంలో ఇంటికి అన్న పక్క ఒక నెల మొత్తం ఖాళీగా ఉంటుంది. దాని కింద పెన్సిలుతో చిన్న సున్నా. చీటీ నడిపిన పెద్దమనిషి రాత్రికి రాత్రి వెళ్ళిపోయాడు. పేరు రాయను, ఆయన మనవలు ఆ ఊళ్ళోనే ఉన్నారు. పదిహేడు నెలలు కట్టిన డబ్బు. తాతయ్య రెండు రోజులు అన్నం తినలేదట. అమ్మమ్మ తిని, మర్నాడు నాంతాడు తీసి పసుపుతాడు కట్టుకుని, ఆ బంగారం మార్వాడీ దగ్గర పెట్టి, ఇంకో చీటీలో చేరింది. అది కూడా చీటీయే! వేరే దారి ఏముంది?

చీటీలకు కేంద్ర చట్టం 1982లో వచ్చింది. ముందు అనుమతి, నిర్వాహకుడు కట్టాల్సిన పూచీ, కమీషనుకు అయిదు శాతం హద్దు అందులో ఉన్నాయి (2019 సవరణలో ఏడు చేశారు). చట్టం కిందకొచ్చిన కంపెనీలు పెరిగాయి గాని, వీధి చీటీలు ఆగలేదు. ఇంటి స్థలం ఆశ చూపించే స్కీములూ ఆగలేదు. నెలనెలా కట్టించుకుని, గడువు తీరాక స్థలమో, డబ్బో ఇస్తామన్న అగ్రిగోల్డ్ కథ అందరికీ తెలిసిందే. 30 లక్షలకు పైగా జనం, రూ. 6,000 కోట్లకు పైగా డబ్బు. చెల్లింపులు ఆగాక ఆ కేసు నడిచింది ఏలూరు కోర్టులోనే. 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టినవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం సొమ్ము తిరిగిచ్చింది. ఆ హద్దులను బట్టే తెలుస్తుంది, కట్టినవాళ్ళు ఎలాంటివాళ్ళో. పది వేలంటే ఒక మనిషి కొన్నేళ్ళ పాటు రోజూ టీ మానేసిన డబ్బు.

మళ్ళీ 1970లకు. 1973–74లో ధరలు ఎలా మండాయో ఆర్థికశాస్త్ర పుస్తకాల్లో ఉంటుంది. అమ్మమ్మ పుస్తకంలో అది ఇంకోలా ఉంది: ఇంట్లోకి అన్న అంకెలు పెన్సిలు గీత దాటి కుడి పక్కకు పాకాయి. నయా పైసలొచ్చి (1957) అప్పటికి పదిహేనేళ్ళు దాటినా ఆవిడ నోట్లో బేడ, పావలా, అర్ధ అనే ఆడేవి. ఆ ఏడు మాత్రం, 'పావలాకు ఏమీ రావట్లేదు' అని పద్దుల మధ్యలో ఒక వాక్యం రాసింది. మొత్తం పుస్తకంలో అంకె లేని వాక్యం అదొక్కటే.

ఈలోగా స్థలం ధర ఆగి చూస్తూ కూర్చోదు. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే వైపు గజం ఇంత అనుకుని దాచడం మొదలుపెడితే, ఆ 'ఇంత' చేతికొచ్చేసరికి అది ఊళ్ళో కలిసిపోయింది. వాళ్ళు ఇంకాస్త దూరం జరిగారు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన తుఫాను వచ్చిన వారం కుడి పక్కలోంచి డబ్బు తీసి ఎడమ పక్క 'పెంకులు' అని రాసింది. అద్దె ఇంటి పైకప్పుకి! దాని పక్కన రెండు కొక్కేల గుర్తులు. అవి కోపానికి గుర్తులని నా అనుమానం. 1979లో రిజిస్ట్రేషనైంది. ఇల్లు లేవడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది గాని, దానికి పుస్తకం లేదు.

ఆ తరవాతి తరం కథలో ఆడవాళ్ళు చీటీ నుంచి సంఘానికి వచ్చారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద మొదలైన పోరాటం తరవాత, సారాకు పోయే రూపాయిని దాచుకుందామని 'పొదుపు లక్ష్మి' పేరుతో రోజుకు రూపాయి సంఘాలు వచ్చాయి. అవి రాష్ట్రమంతా పాకాయి. ఏలూరులో జూటు మిల్లు పేటల్లోనూ, తివాచీ మగ్గాల వీధుల్లోనూ సంఘం మీటింగుకు వెళ్ళకపోతే జరిమానా వేసుకునే రోజులు నాకు తెలుసు. సంఘం అప్పు కాగితం మీద గేదె కోసమో, కుట్టుమిషను కోసమో ఉండేది, అందులో చాలా భాగం గోడల్లోకి వెళ్ళేది. తప్పేముంది? గేదె చచ్చిపోతుంది, గోడ ఉంటుంది.

మా వదిన ఆ సంఘాల మనిషే. ఏలూరులో అద్దె ఇల్లు, అన్నయ్యది ఆటో. 2017 తరవాత పట్టణాల్లో టిడ్కో అపార్ట్‌మెంట్లకు దరఖాస్తులు పెట్టించుకున్నప్పుడు మూడు రకాలు ఉండేవి: 300, 365, 430 చదరపు అడుగులు. మొదటిదానికి లబ్ధిదారు ముందుగా కట్టాల్సింది 500 రూపాయలు, రెండోదానికి 50 వేలు, మూడోదానికి లక్ష, మిగతాది సబ్సిడీ, బ్యాంకు అప్పు. 2020లో కొత్త ప్రభుత్వం మొదటిదాన్ని రూపాయికే చేసి, మిగతా రెండింటి వాటా సగానికి తగ్గించింది. వదిన ఎంచుకున్నది నడిమిది. 300కీ 365కీ మధ్య ఉన్నది 65 అడుగుల చోటు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక అత్తగారు ఉన్న ఇంట్లో ఆ చోటు విలువ ఏమిటో లెక్కలు వేసే అధికారికి తెలియకపోవచ్చు. ఆ 50 వేల కోసం వాళ్ళు తెగ్గోసినవి చూస్తే అమ్మమ్మ పుస్తకం గుర్తొచ్చింది: కేబులు, ఆదివారం కొరమీను (దాని బదులు చిన్న చేపలు), పండక్కి రెండో జత బట్టలు. కొత్తగా ఒకటి చేరింది, ఫోను రీచార్జి. ఇంట్లో రెండు ఫోన్లు ఒకటయ్యాయి. పొట్టు పొయ్యి లేదు, అదొక్కటే తేడా.

తగ్గించడం గురించి మనం మాట్లాడేటప్పుడు ఎవరివి తగ్గాయని అడగం. తాతయ్య చుట్ట పద్దు 1971లో ఎంత ఉందో 1979లోనూ అంతే ఉంది.

మా నాన్న వైపువాళ్ళది కొల్లేరు. అక్కడ లెక్క మొత్తం వేరు. గూడెం డెల్టాకూ మెట్టకూ అంచున, ఎత్తు మీద ఉంటుంది. అక్కడ స్థలం కొంటే పునాది తియ్యొచ్చు. కొల్లేటి లంకల్లో పునాదికి ముందు నేల కావాలి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళన్నీ సరసులోకి చేరి, సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వానాకాలం అది చాలదు. కాబట్టి అక్కడ ఇంటి కోసం దాచే డబ్బులో మొదటి వాటా మెరకకి. మా నాన్న చిన్నప్పుడు ఎండాకాలం అడుగు బయటపడ్డ చోట మట్టి తవ్వి, తాటి దోనెల్లో మోసి, దిబ్బ మీద దిబ్బ పోసేవారట. మూడు నాలుగు ఎండాకాలాలు మట్టే పోసి, దాన్ని వానకు నానబెట్టి, కుంగనిచ్చి, మళ్ళీ పోసి, అప్పుడు గోడ. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకార సహకార సంఘాలకు చెరువులు ఇచ్చాక కొందరి చేతిలో డబ్బు ఆడింది, తాటాకు ఇళ్ళు డాబాలయ్యాయి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువు గట్లు కొట్టేశారు. సరసు బతకాలంటే కొట్టక తప్పదనే నా అభిప్రాయం. ఆ గట్ల మీద వచ్చే ఆదాయం చూసుకుని సగం గోడ లేపినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఆ మాట చెప్పడం మాత్రం నా వల్ల కాదు.

మా మేనత్త ఇల్లు అలా సగంలో ఆగి, పన్నెండేళ్ళకు పూర్తయింది. కూలికి రొయ్యలు ఒలిచిన డబ్బు, సంఘం అప్పు, కొడుకు హైదరాబాదు నుంచి పంపింది, అన్నీ కలిపి. ఇంటికి నాలుగు మెట్లు. మెట్లు ఎన్నని అడిగితే అక్కడివాళ్ళు మెట్ల లెక్కతో పాటు ఏ ఏడాది నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో కూడా చెబుతారు.

2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచి కొల్లేట్లోకి దిగింది. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీళ్ళు రోడ్డెక్కాయి, లంకలకు పడవలే దిక్కయ్యాయి. మేనత్త ఇంట్లో నీళ్ళు నాలుగో మెట్టు దాటలేదు, గుమ్మం ముందు ఆగాయి. పదిరోజులకు తీశాయి. ఆ తరవాతి వారం ఫోన్ చేసింది. నేను ఎలా ఉన్నావు అత్తయ్యా అని అడిగేలోపే, ఏలూరు వైపు ట్రాక్టరు మట్టి ఎంతకొస్తోందో కనుక్కోమంది.