సముద్రం లేని చోట సాగరం: గగన్‌పహాడ్ పరిసర జలనామాల అర్థవిచారం

గగన్‌పహాడ్ నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రతీరం 250 కిలోమీటర్లకు తక్కువ దూరంలో లేదు. అయినా ఆ ఊరికి పడమట ఈసీ నదిపై ఉన్న జలాశయం హిమాయత్‌సాగర్, ఉత్తరాన నగరం నడుమ ఉన్నది హుస్సేన్‌సాగర్. ఉప్పునీటి జాడ ఎరుగని దక్కను పీఠభూమి మీద సాగర, సముద్ర శబ్దాలు ఇంత విరివిగా వ్యాపించడాన్ని అతిశయోక్తిగా భావించడం పరిపాటి. ప్రభువు కట్టించిన చెరువును పొగడ్త కోసం సముద్రమన్నారన్నది ఆ వివరణ. అది తేలికైనదే గాని చాలినది కాదు.

ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడే లక్షణకు చోటు. చెరువును సాగరమన్నప్పుడు అటువంటి బాధ నిజంగా ఉందా? పురాణవ్యుత్పత్తి ప్రకారం యజ్ఞాశ్వాన్ని వెదకుతూ సగరచక్రవర్తి కుమారులు అరవైవేల మంది భూమిని తవ్విన చోటు సాగరమైంది. భాషాచరిత్ర ఈ కథను అంగీకరించనక్కరలేదు. కాని కథను నమ్మిన సమాజానికి సాగరం మానవశ్రమతో ఏర్పడిన గుంత. వేలమంది గడ్డపారలతో, తట్టలతో శ్రమించి నిర్మించిన తటాకానికి ఆ పేరు పెట్టినప్పుడు వారు అభిధకు ఎంతో దూరం వెళ్లలేదు. సముద్ర శబ్దం సంగతీ ఇటువంటిదే. యాస్కుడు వ్యాఖ్యానించిన వైదిక నిఘంటువు అంతరిక్షానికి చెప్పిన పదహారు పేర్లలో సముద్రమూ ఉంది, సగరమూ ఉంది. నీరు కూడి ఉండే చోటు నింగి అయినా నేల అయినా ఆ మాటకు పరాయిది కాదు. పేరులోనే గగనాన్ని మోస్తున్న గుట్ట పక్కన సాగరం ఉండటం యాదృచ్ఛికమే గాని, పై జాబితా తెలిసినవారికి ఆ పొరుగు వింతగా తోచదు.

దేశ్యపదాల నడత వేరు. కడలి, మున్నీరు అన్న మాటలు కావ్యభాషలో ఎంత చెల్లుబాటైనా తటాకనామాల్లో స్థిరపడలేదు. అసలు సముద్రాన్ని చెప్పే బాధ్యత వాటికి మిగిలి, తత్సమాలు చెరువుకట్టల మీదికి వచ్చాయి. దానికి కారణం శాసనభాషలో కనిపిస్తుంది. సప్తసంతానాల్లో తటాకం ఒకటి. కట్టించినవారి పేరును సంతానంలా నిలిపేది అది. కందూరు చోడుల నాటి పానగల్లు ఉదయసముద్రం కట్టించిన ఉదయనచోడుని పేరు నిలిపింది. 1219 నాటి బయ్యారం శాసనంలో కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తన చెరువుకు ధర్మకీర్తిసముద్రమని పేరు పెట్టింది. ఇక్కడ సముద్ర శబ్దం వైశాల్యాన్ని కాక అక్షయత్వాన్ని కోరుతోంది. ఎండిపోని నీరు, తరగని కీర్తి అన్న రెండూ ఒకే సమాసంలో ఇమిడాయి.

ఈ అర్థం వెనుక ఎంత ఆచరణజ్ఞానం ఉందో 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం చూపుతుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మింపజేసిన అనంతరాజసాగరం గురించి చెబుతూ అది తటాకనిర్మాణానికి పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను పేర్కొన్నది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్లు అందులోనే ఉంది. కట్ట నుంచి నీరు కారడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం వంటివాటి వరుసలో చివరి దోషం నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. సాగరమని పేరు పెట్టినవారే దాని దోషాలనూ అదే రాతి మీద చెక్కించారన్నది గమనార్హం.

హైదరాబాదు ప్రాంతంలో ఈ సమాసం పూర్వపదాన్ని మార్చుకుంది. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల నాడు హుస్సేన్ షా వలీ పేరు సాగర శబ్దంతో జతకూడింది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిదానికి ఏడవ నిజాం పేరు, రెండవదానికి ఆయన పెద్దకుమారుని పేరు. పూర్వపదం అరబీ, ఉత్తరపదం సంస్కృతం. ప్రభువు పేరుకు సాగరాన్ని చేర్చే కాకతీయ, విజయనగర సంప్రదాయమే ఇక్కడా కొనసాగింది. అయితే ఒక తేడా ఉంది. పాత సముద్రాలు నీటిని పొలానికి పంచడానికి పుట్టగా, ఈ రెండు సాగరాల తొలి పని నగరాన్ని నీటి నుంచి కాపాడటం. జనం మాత్రం ఉస్మాన్‌సాగర్‌ను గండిపేట అనీ, హుస్సేన్‌సాగర్‌ను ట్యాంక్‌బండ్ అనీ వ్యవహరిస్తున్నారు. ఊరి పేరు, కట్ట పేరు నోటికి నిలిచాయి. సాగరం పటాలకు, పత్రాలకు పరిమితమైంది.

పత్రాల్లో ఉండటమే దానికి రక్ష అయిందనాలి. 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వుతో జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను నియంత్రించింది. ఆ ఉత్తర్వు సాగరాల కోసం వచ్చింది. పేరులో సాగరం లేని చిన్న చెరువులకు దక్కినవి శిఖం, మత్తడి, తూము అన్న రెవిన్యూ మాటలే. శిఖమంటే నిండుచెరువు కింద మునిగే నేల. నీరు లేని ఏళ్లలో అది ఖాళీ జాగాగా కనిపిస్తుంది, ఆ భ్రమలోనే దానిపై కట్టడాలు లేస్తాయి.

గగన్‌పహాడ్‌లోని అప్పచెరువు ఈ రెండో తెగకు చెందినది. 2020 అక్టోబరు నడిమి కుండపోతకు దానికి గండిపడి, వరద బెంగళూరు జాతీయ రహదారి మీదుగా పారింది. ప్రాణాలు పోయాయి, వాహనాలు కొట్టుకుపోయాయి. అదే వానకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తి నీటిని కిందికి వదిలారు. సాగరానికి గేటు ఉంది, చెరువుకు గండి మిగిలింది. పోరుమామిళ్ళ శాసనకారుడు నేల అన్నది ఆయకట్టును ఉద్దేశించే కావచ్చు. శిఖాన్ని కుదించిన చోట కూడా ఆ ఆరవ దోషం అక్షరాలా వర్తిస్తుంది. నేల తగ్గింది, వాన తగ్గలేదు. 2024 ఆగస్టు చివర హైడ్రా సంస్థ అప్పచెరువులో వెలసిన కట్టడాలను తొలగించినప్పుడు బయటపడిన నేలకు రికార్డుల్లో ఉన్న పేరు శిఖమే.